నిర్మాణ నిర్వహణలో కృత్రిమ మేధ

కట్టడాల గడువు, ఖర్చు, నాణ్యత, భద్రతలను పర్యవేక్షించడానికి, పాత ఉదాహరణల నుండి నేర్చుకొనే కంప్యూటరు ప్రోగ్రాములను వినియోగించడాన్ని నిర్మాణ నిర్వహణలో కృత్రిమ మేధ అంటారు. తెలంగాణలో ఇందుకు సామాన్యులకు దగ్గరి ఉదాహరణ ఇందిరమ్మ ఇళ్ల పథకం.

నేపథ్యం

ఈ పథకాన్ని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభించాడు. సొంత స్థలం గల పేదలకు ఇంటి నిర్మాణానికి 5 లక్షల రూపాయలు విడతలుగా ఇస్తారు. ఖమ్మం జిల్లాలోని బోనకల్ వంటి మండలాల్లో ఇళ్లు ఊరూరా చెదురుగా ఉంటాయి. అందుచేత పని దశను చూపే ఛాయాచిత్రాలను యాప్ ద్వారా పంపుతారు. వీటి పరిశీలనలో కృత్రిమ మేధను వాడుతున్నట్లు ప్రభుత్వం ప్రకటించింది.

పనిచేసే విధానం

పునాది, గోడలు, పైకప్పు దశల చిత్రాలను ఆయా పేర్లతో ముందుగా ప్రోగ్రాముకు చూపుతారు. అది వాటి పోలికలను గ్రహించి, కొత్త చిత్రం ఏ దశదో అంచనా వేస్తుంది. చిత్రంతో నమోదైన అక్షాంశ రేఖాంశాలను బట్టి, ఒక ఇంటి చిత్రాన్ని మరొక ఇంటిదిగా చూపితే గుర్తించవచ్చు.

పరిమితులు

ఛాయాచిత్రం పైపొరనే చూపుతుంది. స్తంభంలోని ఇనుప చువ్వలు, కాంక్రీటు పాళ్లు, నీటితో తడిపిన రోజులు అందులో కనిపించవు. కాంక్రీటు బలాన్ని సాధారణంగా 28 రోజుల తరువాత, 150 మిల్లీమీటర్ల ఘనాలను యంత్రంపై నొక్కి నిర్ధారిస్తారు. 2025 మార్చి 26న భద్రాచలంలోనే నిర్మాణంలో ఉన్న ఒక బహుళ అంతస్తుల ప్రైవేటు భవనం కూలి కార్మికులు మరణించారు. పని ఎంతవరకు జరిగిందన్నది ఒక ప్రశ్న, కట్టింది నిలుస్తుందా అన్నది వేరొక ప్రశ్న. మొదటిదానికి ప్రోగ్రాము సాయపడుతుంది. రెండవదానికి ఇంజనీరు స్వయంగా వచ్చి చూడవలసిందే. ప్రోగ్రాము పొరబడితే విడత సొమ్ము ఆగి, పేదవాని ఇల్లు కప్పు లేకుండా వానకు నిలుస్తుంది. కనుక తుది నిర్ణయం బాధ్యత గల అధికారి చేతిలో ఉండాలి.