‘కట్ అయిపోనాది’ సరే, కట్ సేసిందెవరు?

కట్ అన్నది ఇంగ్లీషులో మూడక్షరాల మాట. ఇవాళ కోసినా కట్టే, నిన్న కోసినా కట్టే. కాలం మారినా అది మారదు. మన విజయనగరం పల్లెల్లో బడి మొహం చూడని మామ్మలకీ ఈ మాట తెలుసు.

ఇది చెయ్యని పని లేదు. సెలూన్లో కటింగ్. పరీక్షల్లో కటాఫ్. హీరో సినిమాకి కటౌట్. అడ్డదారి షార్ట్ కట్. పేకాటలో ముక్కలు కట్. కుర్రోడు గొప్పలు పోతే ‘కటింగులిస్తన్నాడు’. సినిమా కథ చెప్తూ ‘కట్ చేస్తే’ అన్నామంటే సీను మారిపోద్ది.

ఇంగ్లీషోళ్ళకి ఇంకో అర్థం కూడా ఉంది: వాటా. బేరంలో మధ్యవర్తి నొక్కేదాన్ని వాళ్ళు కట్ అనే అంటారు. అంటే ఒకడికి తెగింది ఇంకొకడికి వాటా అవొచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. “కరెంటు కట్టయిపోనాది”, “బియ్యం కట్టయిపోనాయి”, “పింఛను కట్టయిపోనాది బావూ” అంటాం. ‘అయిపోనాది’ అంటే దానంతటదే అయినట్టు. వాన కురిసింది, పొద్దుగూకింది అన్నట్టు! ‘కట్ చేశారు’ అనండి. వెంటనే ప్రశ్న పుడతాది: ఎవరు? ఎందుకు?

1892లో మన విజయనగరంలోనే ఆడిన గురజాడ ‘కన్యాశుల్కం’లో గిరీశం ఇంగ్లీషు ముక్కలతో జనాన్ని బోల్తా కొట్టించాడు. ఇప్పుడు ఆఫీసు కౌంటరు దగ్గర ‘కట్ అయిపోయిందమ్మా, సిస్టంలో లేదు’ అన్న ముక్క చాలు, మామ్మ ఎనక్కి తిరిగి ఎల్లిపోతాది. 4,000 రూపాయల పింఛను ఆమెకి నెల తిండి, మందులు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, 2005 సమాచార హక్కు చట్టం, సెక్షన్ 4(1)(డి) ఫోన్లో తీసి చదవండి. ప్రభుత్వ ఆఫీసు ఏదైనా నిర్ణయం తీసుకుంటే, దానివల్ల దెబ్బతిన్నోళ్ళకి కారణం చెప్పాలని అందులో ఉంది. కాయితం పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. పేదరిక రేఖకి దిగువనున్నోళ్ళకి ఫీజు లేదు. మామ్మకి రాయడం రాకపోతే మీరు రాయండి. ఈ మూడూ అడగండి: ఏ తేదీన కట్ చేశారు? ఏ కారణంతో? ఆ నిర్ణయం ఏ అధికారిది?

బిల్లు కట్టేది మనం, పన్ను కట్టేది మనం. కట్టినోళ్ళకి, కట్ చేసిందెవరో అడిగే హక్కుంది.