హాలేలో అచ్చెక్కిన తెలుగు

1746లో జర్మనీలోని హాలే పట్టణంలో తెలుగు లిపిలో ఒక చిన్న క్రైస్తవ ప్రశ్నోత్తరి వెలువడింది. మనకు తెలిసినంతలో తొలి తెలుగు అచ్చు పుస్తకాలు ఆ ఒకటి రెండేళ్లలో అక్కడ వచ్చినవే. వేయించినవాడు బెంజమిన్ షుల్జ్, మద్రాసులో తెలుగు నేర్చి 1743లో స్వదేశం చేరిన మిషనరీ. ఆయన చేసిన తెలుగు బైబిలు అనువాదానికి మాత్రం ఆ యోగం పట్టలేదు.

అదే హాలేలో 1722లో చెక్ బైబిలు అచ్చయింది. సొంతగడ్డ మీద ప్రొటెస్టెంట్లకు నిలువ నీడలేని రోజులవి. అలాంటి పుస్తకాలు దొంగచాటుగా బొహీమియా చేరేవి. చెక్ వాళ్లకు అచ్చు కొత్త కాదు, 1488లోనే ప్రాగ్‌లో చెక్ బైబిలు తెచ్చుకున్నారు. అంతకు ముందే, 1415లో సజీవదహనమైన చెక్ మత సంస్కర్త యాన్ హుస్ అనుచరులలో మామూలు జనం చేతిరాత ప్రతులతోనే లేఖనాలను ఔపోసన పట్టారు. ఆ అనుచరుల పట్టణమైన తాబోరులోని ఆడవాళ్లకున్న బైబిలు పరిచయం చూసి, తర్వాత రెండో పయస్ పేరుతో పోప్ అయిన ఏనియాస్ సిల్వియస్, వాళ్ల విరోధి అయి ఉండీ, మెచ్చుకోక తప్పలేదు. చదివేవాళ్లు సిద్ధంగా ఉన్నచోటికి అచ్చు వచ్చింది. మనకు మాత్రం చదివించాలనుకున్న పరాయివాళ్లు తెచ్చారు.

తేవడం తేలికేం కాదు. ఉక్కు కడ్డీ కొసన అక్షరాన్ని తిరగేసి చెక్కాలి. దాన్ని రాగి ముక్క మీద కొట్టి, పడిన గుంటలో కరిగిన సీసం పొయ్యాలి. రోమన్ లిపికి చిన్నా పెద్దా కలిపినా ఏభై పైచిలుకు అక్షరాలతో పని జరుగుతుంది. చెక్ వాళ్లు వాటి నెత్తిన కొన్ని గుర్తులు చేర్చుకుంటే సరిపోయింది. మన ‘స్త్రీ’ సంగతి చూడండి: సకారం నెత్తిన గుడిదీర్ఘం, కింద త వత్తు, పక్కన ర వత్తు. మొత్తాన్ని ఒకే దిమ్మగా పోస్తే దిమ్మలు వందలకు చేరతాయి. విడివిడిగా పోస్తే వత్తులు కిందికి దిగి, పంక్తికీ పంక్తికీ మధ్య చోటు తింటాయి. ఆ పేజీలు పేర్చినవాళ్ల ఓపికకు దండం పెట్టాలి.

తర్వాత తెలుగు అక్షరాలు పోసిన బెంగాల్లోని శ్రీరాంపూర్ క్రైస్తవ మిషన్ అచ్చుకూటం 1812 మార్చి 11న తగలబడింది. తెలుగుతో సహా ఎన్నో భాషల సీసపు అక్షరాలు కరిగి ముద్దయ్యాయి. ఉక్కు కడ్డీలు, రాగి అచ్చులు మాత్రం శిథిలాల్లో దొరికాయి. అవి ఉంటే చాలు, సీసం మళ్లీ పోసుకోవచ్చు. 1814లో ఆ మిషన్‌కే చెందిన విలియం కేరీ తెలుగు వ్యాకరణం, 1818లో తెలుగు కొత్త నిబంధన అక్కడే వెలువడ్డాయి.

ఆ తర్వాత కథ మిషనరీల చెయ్యి దాటింది. 1829లో సి.పి. బ్రౌన్ మద్రాసులో వేమన పద్యాలు అచ్చువేయించాడు. 1835 చట్టంతో ముందస్తు లైసెన్సు బెడద పోయింది, ఎవరైనా ప్రెస్సు పెట్టుకోగలిగారు. 1854లో వావిళ్ల రామస్వామి శాస్త్రులు మద్రాసులో ముద్రణకు దిగారు. వావిళ్ల వారు సంస్కృత గ్రంథాలను సైతం తెలుగు లిపిలో అచ్చువేశారు. నాగరి రానివాళ్లకూ స్తోత్రాలు, పురాణాలు చేతికందాయి.