డాక్టరేటుకు ప్రశ్న ఎక్కడ దొరుకుతుంది?

డాక్టరు అనగానే మనకు సూదిమందు గుర్తుకొస్తుంది. సూది పట్టని డాక్టర్లు కూడా వున్నారు. ఒక ప్రశ్న వెంట కొన్నేళ్లు తిరిగి, ఎవరికీ తెలియని జవాబు నిరూపించిన వారికి విశ్వవిద్యాలయం ఇచ్చే పట్టమే పి.హెచ్.డి. మరి ఆ ప్రశ్న ఎవరిస్తారు? పరీక్షల్లో లాగా అచ్చువేసి ఎవరూ ఇవ్వరు.

మన నల్లగొండ సంగతే చూడండి. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల బోరునీళ్లలో ఫ్లోరైడు ఎక్కువని మీరు విన్నదే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లకు గోధుమరంగు చారలు వస్తాయి, ఎముకలు బిరుసెక్కుతాయి. ఇదంతా తెలిసిన రోగమే గదా అని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి వూరుకోలేదు. కొందరు కుర్రవాళ్ల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. పైగా గట్టిపడవలసిన ఎముక కాళ్లలో బోలుబారింది. ఎందుకిలా? 1973లో ‘లాన్సెట్’ పత్రికలో ఈ సంగతి ప్రకటించారు. అన్నం తినేవారికన్నా జొన్నలు తినేవారి ఒంట్లో ఫ్లోరైడు ఎక్కువ నిలుస్తుందా అని తర్వాత అదే సంస్థలో పరీక్షించారు.

ఇప్పుడు మీ కాలపు ప్రశ్న ఒకటి. 2016లో మొదలైన మిషన్ భగీరథ కింద శుద్ధిచేసిన నదినీళ్లు వూళ్లకు వచ్చాయి. ఆ తర్వాత పుట్టిన పిల్లల పళ్లమీద చారలు తగ్గాయా? తగ్గితే ఎంత? ముందుపళ్ల ఎనామిల్ పొర పసితనంలో చిగురు లోపలే తయారవుతుంది. కాబట్టి బిడ్డ పుట్టిన సంవత్సరం, వూరికి కుళాయి వచ్చిన తేదీ, పాత బోరులోని ఫ్లోరైడు, పళ్ల తీరు, ఇవన్నీ వేలమందికి పట్టిక వేసి కంప్యూటరుతో పోల్చాలి. ఆరోగ్యానికి డేటా సైన్సు అక్కరకొచ్చేది ఇక్కడే.

ఒక చిక్కు వుంది. పాలమూరు నుంచి వలసపోయిన తల్లిదండ్రుల బిడ్డ మొదటి మూడేళ్లు పుణెలో నీళ్లు తాగింది. పళ్లు తెల్లగా వున్నాయి. పట్టికలో ‘వలస’ అనే గడి లేకపోతే ఆ ఘనత మన కుళాయికి పోతుంది! ఈ పొరపాటు కంప్యూటరు తనంత తాను పట్టలేదు. వలసపోయి వచ్చిన పిల్లల పక్కన కూర్చొని చదివిన మీరు పట్టగలరు.

ఇక దరఖాస్తు. పి.జి. తర్వాతనే కాదు, 2022 యు.జి.సి. నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులు తెచ్చుకున్నవారూ అర్హులే. నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. వస్తే నెలనెలా ఫెలోషిప్పు కూడా దొరుకుతుంది. ప్రకటనలు ఆయా సంస్థల వెబ్‌సైట్లలో వస్తాయి. పోషకాహార సంస్థ, బీబీనగర్ ఎయిమ్స్, కంది ఐ.ఐ.టి., నల్లగొండ, పాలమూరు విశ్వవిద్యాలయాలు చూస్తూ వుండాలి. అంతకుముందే మీ ప్రశ్నకు దగ్గరి పని చేస్తున్న ప్రొఫెసరు ఎవరో వెతికి, ఆయన వ్యాసాలు రెండైనా చదవాలి. మనవాళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే. “ఏ విషయమైనా చేస్తాను సార్” అని పదిమందికి ఒకే వుత్తరం పంపుతారు. వినయమే గాని, ప్రొఫెసరుకు అందులో పట్టుకోవడానికి ఏమీ వుండదు. ప్రశ్న ఏమిటి, ఇదివరకు తెలిసిందెంత, లెక్కలు ఎక్కడ దొరుకుతాయి, ఎలా పోలుస్తారు, ఇవి ఒక పేజీలో రాయండి. పిల్లల పళ్లు చూడాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతీ, తల్లిదండ్రుల సంతకమూ కావాలి. వాటికి పట్టే నెలలు కూడా ఆ పేజీలోనే లెక్కవేసి చూపండి.