లావుగా ఉంటే చాలదు... చదవగలగాలి!

బెంజి సర్కిల్‌ దగ్గర ఫ్లెక్సీ చదివేవాళ్లలో సగం మంది బైకు మీదే ఉంటారు. సిగ్నల్‌ పడేలోపు హెడ్డింగ్‌ కంట్లో పడాలి. అందుకే లావు అక్షరం. ఇంగ్లిష్‌కి ఈ అవసరం 19వ శతాబ్దం మొదట్లోనే వచ్చింది. లండన్‌లో గోడ ప్రకటనల కోసం అక్షరాల కాళ్లకి ఇటుకల్లాంటి దిమ్మలు తగిలించి ‘స్లాబ్‌ సెరిఫ్‌’ టైపు పోతపోశారు. 1934లో మోనోటైప్‌ కంపెనీ తెచ్చిన రాక్‌వెల్‌ ఆ కుటుంబంలోదే.

మరి తెలుగుకి? గుండ్రటి మన అక్షరాలకి అలాంటి కాళ్లే లేవు, దిమ్మ ఎక్కడ పెడతాం? బలమంతా గీతలోనే చూపించాలి. చిక్కూ అక్కడే. గీత మందమయ్యేకొద్దీ లోపలి ఖాళీ పూడుకుపోతుంది. ‘థ’ కడుపులో చుక్క కలిసిపోయిందా, అది ‘ధ’ అయిపోతుంది. ‘కథ’ కాస్తా ‘కధ’! తప్పు ఆపరేటర్‌దో, ఫాంట్‌దో కస్టమర్‌కి తెలీదు, తిట్లు మాత్రం ఆపరేటర్‌కే. ఇక ‘రాష్ట్రం’ లాంటి మాటలో కింద రెండు వత్తులు. ఇంగ్లిష్‌లా లైన్లు దగ్గరగా పేరిస్తే కింది లైను గుడికి తగులుతాయి.

ఈ చిక్కుల మధ్యే నిలబడ్డ ఫాంట్‌ ‘రామభద్ర’. పురుషోత్‌ కుమార్‌ గుత్తుల డిజైన్‌ చేయగా, సిలికానాంధ్ర విడుదల చేసింది. పేరు కవి అయ్యలరాజు రామభద్రుడిది. గీత అంతటా ఒకే మందం, అంచులు కొద్దిగా గుండ్రం. హెడ్డింగులకీ పోస్టర్లకీ బాగా నప్పుతుంది. పేరాలకి వాడొద్దు, నాలుగు లైన్లకే కళ్లు అలిసిపోతాయి. శుభలేఖ మీదైతే పిలిచినట్టు కాదు, అరిచినట్టుంటుంది. ముంబయి సంస్థ ఏక్‌ టైప్‌ చేసిన ‘బాలూ తమ్ముడు’ కూడా లావే కానీ కాస్త బొద్దు. స్వీట్‌ షాపుకో, పిల్లల పుస్తకానికో సరిపోతుంది. రెండూ గూగుల్‌ ఫాంట్స్‌లో ఉచితం. కమర్షియల్‌ పనికీ వాడుకోవచ్చు.

ఫ్లెక్సీ షాపులు, ఏలూరు రోడ్డు పుస్తకాలవాళ్లు, యాడ్‌ ఏజెన్సీలు... విజయవాడలో ఈ పని తెలిసినవాళ్లు కావాల్సిన చోట్లు ఇవి. చాలా షాపుల్లో ఇంకా అను ఫాంట్లే నడుస్తున్నాయి, వెబ్‌సైట్‌కేమో యూనికోడ్‌ కావాలి. రెండూ వచ్చినవాళ్లకి గిరాకీ. ఇన్‌డిజైన్‌లో వత్తులు విడిపోతున్నాయా? ‘వరల్డ్‌-రెడీ’ కంపోజర్‌ ఎంచుకోండి. ఇంత చిన్న సంగతి ఇంటర్వ్యూలో చెప్పగలిగినా మార్కులు పడతాయి.

పోర్ట్‌ఫోలియోకి ఓ పని చేయండి. ‘కృష్ణా డెల్టా కథలు’ అనే హెడ్డింగ్‌ని మూడు ఫాంట్లలో పేర్చి, ఏ3 సైజులో ప్రింట్‌ తీసి, గోడకి అంటించి ఇరవై అడుగుల దూరం నుంచి చూడండి. ఏ అక్షరం మూసుకుపోయిందో రాసుకోండి. సరిచేసిన ప్రింట్‌ని పక్కన పెట్టి చూపించండి.

చదువుగా తీసుకోవాలంటే ఇంటర్‌ తర్వాత బి.డిజైన్‌ ఉంది. 2015లో మొదలైన ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్‌ దగ్గర్లోనే ఉంది. డిగ్రీవాళ్లు సీడ్‌ రాసి ఐఐటీల్లో ఎం.డిజైన్‌కి వెళ్లొచ్చు. అంతదాకా ఆగక్కర్లేదు. ‘ఫాంట్‌ఫోర్జ్‌’ ఉచిత సాఫ్ట్‌వేర్‌. దాన్లో రామభద్ర తెరిచి, ముందు ‘థ’ చూడండి.