బియ్యపు గింజంత ఓడ

వేసవి సెలవుల్లో మిట్టమధ్యాహ్నం పిల్లలను ఇంటిపట్టున కూర్చోబెట్టడం ఎంత కష్టమో తల్లిదండ్రులందరికీ తెలిసిందే. అలాంటి ఒక మధ్యాహ్నం మేము బల్ల మీద ఆడుకోవడానికి రెండు అంతరిక్ష నౌకలు చేశాం. ఒకటి రాకెట్టు, దానికి సుద్దముక్క చాలింది. రెండవది ఎండతో నడిచే తెరచాప ఓడ.

"గాలి లేనిచోట తెరచాప ఎందుకు?" అన్నాడు మా చిన్నవాడు. వెలుతురు కూడా తాను తగిలిన వస్తువును రవంత నెడుతుంది. అమెరికాలోని ప్లానెటరీ సొసైటీవారి లైట్‌సెయిల్-2, 2019లో ఆ తోపుతోనే భూమి చుట్టూ తన కక్ష్యను మార్చుకుంది. 2022 నవంబరు వరకు తిరిగింది. దాని తెరచాప 32 చదరపు మీటర్లు. అంత తెరచాపపై వెలుతురు తోపు సుమారు ఒక బియ్యపు గింజ బరువంత!

దానినే 50వ వంతుకు కుదించాం. 16 సెంటీమీటర్ల కొబ్బరి ఈనెలు రెండు అడ్డంగా పెట్టి నడుమ దారంతో కట్టాం. చిప్స్ ప్యాకెట్టును 11 సెంటీమీటర్ల చదరంగా కత్తిరించి, మూల నుండి మూలకు కోస్తే నాలుగు త్రికోణాలు వచ్చాయి. మెరిసే వైపు పైకి ఉంచి ఈనెల మధ్య టేపుతో అంటించాం. మొదట బిగించి లాగితే ఈనె వంగిపోయింది. మూలలు మాత్రమే అంటిస్తే చక్కగా నిలిచింది.

ఓడకు అగ్గిపెట్టె పెడదామంది పెద్దమ్మాయి. అసలు ఓడ పొడవు 30 సెంటీమీటర్లు. 50వ వంతంటే 6 మిల్లీమీటర్లు. "అయితే బియ్యపు గింజే కదా నాన్నా!" అంది. గింజనే అతికించాం.

పాత కేలండరు వెనుక 60 గళ్లు గీశాం. పాచికలు అక్కరలేదు. రాకెట్టు ప్రతి ఎత్తుకూ 5 గళ్లు నడుస్తుంది. తెరచాప మొదట 1, తరువాత 2, ఆపైన 3, ఇలా పెంచుకుంటూ పోతుంది. అయిదో ఎత్తుకు అక్క రాకెట్టు 25లో ఉంది, తమ్ముడి ఓడ 15లో. వాడు కళ్లనీళ్లతో లేవబోయాడు. "ఇంకాస్త ఆగు నాన్నా" అన్నాం. తొమ్మిదో ఎత్తుకు ఇద్దరూ 45! పదో ఎత్తుకు ఓడ 55కు చేరింది.

నిజానికి సూర్యునికి దూరమయ్యేకొద్దీ తోపు తగ్గుతుంది. పిల్లల ఆటకు మాత్రం ఈ లెక్క చాలు.

మీ ఇంట కూడా చేసి చూడండి. ఇప్పుడు తమ్ముడు ఎక్కాలు రావని విసుక్కుంటే, "అయిదో ఎత్తులో ఉన్నావురా" అంటుంది వాళ్లక్క.