నొప్పులు తెప్పించమని అడిగే ముందు

"డాక్టరమ్మా, మా పాపకు నెలలు నిండినాయి. అల్లుడు వచ్చే వారం కువైట్‌కు పోతాడు. ఈలోగానే నొప్పులు తెప్పించి కాన్పు చేయండమ్మా."

కడప వైపు గర్భిణుల ఓపీలో ఈ మాట కొత్తది కాదు. కర్నూలు పడమటి పల్లెలవారు సుగ్గికి పోయేలోగా కాన్పు అయిపోవాలంటారు. కొందరికి ముహూర్తం కావాలి. మన సంఘస్తులలోనే క్రిస్మస్ నాడు బిడ్డ పుట్టాలని ఆశపడేవారు ఉన్నారు. అడిగేది తల్లి, అత్త, లేదా భర్త. గర్భిణి మాత్రం తల వంచుకొని కూర్చుంటుంది. ఆ అమ్మాయి పక్కన నిలబడే మీ కోసమే ఈ వ్యాసం రాస్తున్నాం.

అవసరం వేరు, వీలు వేరు

బీపీ పెరగడం, చక్కెర వ్యాధి, నొప్పులు రాకముందే ఉమ్మనీరు పోవడం, బిడ్డ ఎదుగుదల తగ్గడం, 41 వారాలు దాటడం, ఇవి వైద్య కారణాలు. వీటి వల్ల డాక్టరు నొప్పులు తెప్పించాలని చెబితే ఆలస్యం చేయకండి. దేవుడే చూసుకుంటాడని ఇంటికి తీసుకుపోవడం విశ్వాసం అనిపించుకోదు.

ఏ కారణమూ లేకుండా మన వీలు కోసం అడగడం వేరే సంగతి. అక్కడ తొందర లేదు. ఆలోచించుకోవడానికి సమయం ఉంది.

నెలలు కాదు, వారాలు లెక్కపెట్టండి

చివరి ముట్టు మొదటి రోజు నుంచి 280 రోజులు, అంటే 40 వారాలు. సరిగ్గా ఆ తేదీకే కాన్పు అయ్యేది ఇరవై మందిలో ఒకరికి మాత్రమే. కారణం లేకుండా 37, 38 వారాలకే కాన్పు చేయిస్తే బిడ్డకు ఊపిరి ఇబ్బంది, కామెర్లు వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే వీలు కోసమైతే 39 వారాలు పూర్తి కాకముందు అడగనే కూడదు. ముట్టు తేదీ గుర్తు లేకపోతే మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగే ఆధారం. ఆ కాగితం భద్రంగా ఉంచండి.

ఎలా తెప్పిస్తారు?

ముందుగా గర్భసంచి ముఖద్వారం మెత్తబడిందా అని చూస్తారు. మెత్తబడకపోతే జెల్, మాత్ర, లేదా చిన్న బెలూన్ గొట్టం వాడతారు. తరువాత అవసరాన్నిబట్టి ఉమ్మనీటి సంచి చిట్లించి, సెలైన్‌లో ఆక్సిటోసిన్ ఎక్కిస్తారు. తొలి కాన్పుకు ఒక రోజు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పట్టవచ్చు. నొప్పులు మితిమీరితే బిడ్డ గుండె చప్పుడు తగ్గవచ్చు. కాబట్టి నర్సు తరచుగా వింటూనే ఉండాలి. ఇదివరకు ఆపరేషన్ అయినవారికి పాత కుట్టు చిట్లే ప్రమాదం ఉంది. ఆ సంగతి తప్పక చెప్పండి.

నొప్పులు తెప్పిస్తే చివరికి ఆపరేషనేనా?

ఈ భయం చాలామందిలో ఉంది. అమెరికాలో 41 ఆసుపత్రుల్లో ఆరోగ్యంగా ఉన్న 6,106 మంది తొలిచూలు స్త్రీలను పరిశీలించి, 2018లో ఫలితాలు ప్రకటించారు. 39వ వారంలో నొప్పులు తెప్పించినవారిలో నూటికి సుమారు 19 మందికి, వేచి ఉన్నవారిలో 22 మందికి ఆపరేషన్ అయింది. అంటే ఆ భయం పూర్తిగా నిజం కాదు. అయితే అక్కడ వారాల లెక్క స్కానింగ్‌తో ఖాయం చేసుకున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం ఏ ఇబ్బందీ లేనివారికి 41 వారాలలోపు నొప్పులు తెప్పించమని సిఫారసు చేయడం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు ఆపరేషన్‌తోనే జరిగాయి. కనుక అడిగి తెలుసుకోవడం మన బాధ్యత.

డాక్టరును అడగండి

1. నొప్పులు ఎందుకు తెప్పించాలి? వైద్య కారణం ఉందా?
2. ఈ రోజుకు ఎన్ని వారాలు? దేన్నిబట్టి లెక్క?
3. ముఖద్వారం సిద్ధంగా ఉందా?
4. ఇంకో వారం ఆగితే తల్లికి, బిడ్డకు ఏమవుతుంది?
5. నొప్పులు రాకపోతే తరువాత ఏం చేస్తారు?
6. రాత్రి పూట ఆపరేషన్, రక్తం, పిల్లల డాక్టరు అందుబాటులో ఉంటారా?

ఆ తరువాత అమ్మాయిని ఒంటరిగా కూర్చోబెట్టి, "నీకేమనిపిస్తా ఉందమ్మా?" అని అడగండి. మాట్లాడేవరకు ఆగండి. శరీరం ఆమెది, ఒప్పుకోవలసింది ఆమే.

ఇంటి దగ్గర సూది వద్దు

నొప్పులు త్వరగా రావాలని ఊళ్లో ఎవరిచేతనైనా సూది వేయించడం ప్రాణాపాయం. గర్భసంచి చిట్లవచ్చు, బిడ్డకు ఊపిరి ఆగిపోవచ్చు. బిడ్డ కదలిక తగ్గినా, రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా, తలనొప్పితో కళ్లు మసకబారినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

నిర్గమకాండం మొదటి అధ్యాయంలో షిఫ్రా, పూయా అనే మంత్రసానులు రాజు ఆజ్ఞకన్నా పసిబిడ్డల ప్రాణమే ముఖ్యమని నిలబడ్డారు. ప్రయాణం టికెట్టుకన్నా, పండుగ తేదీకన్నా బిడ్డ క్షేమమే ముఖ్యమని మనమూ నిలబడదాం. కువైట్‌కు పోయిన తండ్రి బిడ్డను ఫోన్‌లో చూసుకోగలడు. అంతవరకు ప్రార్థన చేయండి, వారాలూ లెక్కపెట్టండి.