మీటరు 12 చూపిస్తుంది, లైటు వెలగదు

"మీటరు 12 వోల్టులు చూపిస్తోంది సార్, హెడ్‌లైటు మాత్రం వెలగట్లేదు. మీటరు పాడైనట్టేనా?" అమీర్‌పేటలో క్లాసు అయిపోయాక ఒక కుర్రాడు అడిగాడు. మీటరు పాడవలేదు. కరెంటు పారనప్పుడు కొలిస్తే వైరులో లోపం కనపడదు, అంతే.

పంజాగుట్ట వైపు రోడ్డు పక్కన బండ్ల వైరింగ్ చూసే ఎలక్ట్రీషియన్ ముందు తీసేది మీటరు కాదు, టెస్ట్ ల్యాంపు. 5 వాట్ల పార్కింగ్ బల్బు, రెండు వైర్లు, ఒకదాని చివర క్లిప్పు, రెండోదానికి సూది. క్లిప్పును ఛాసిస్‌కు తగిలించి, ఫ్యూజు, స్విచ్చి, కప్లర్ వరసగా సూదితో తాకుతూ పోతాడు. వెలిగిన చోటుకీ వెలగని చోటుకీ మధ్యే తేడా.

వానకు కప్లర్‌లోకి నీళ్లు దిగి, పిన్నుకు పచ్చటి చిలుము పట్టి, అక్కడ 100 ఓమ్‌ల నిరోధం పుట్టిందనుకోండి. డిజిటల్ మీటరు లోపలి నిరోధం సాధారణంగా కోటి ఓమ్‌లు. కోటి ముందు వంద ఎంత? పన్నెండు వోల్టులూ మీటరుకే దక్కుతాయి. అదే చోట ల్యాంపు పెడితే, చల్లగా ఉన్న ఫిలమెంటు నిరోధం మూడు ఓమ్‌లకు అటూ ఇటూ. వోల్టేజి అంతా చిలుమే మింగేస్తుంది, బల్బుకు అర వోల్టు కూడా మిగలదు. కుళాయి కట్టేసి ఉన్నంతసేపూ పూడుకుపోయిన పైపులోనూ ప్రెజర్ నిండుగానే ఉంటుంది. తిప్పితేనే ధార సన్నమని తెలిసేది.

అలాగని ల్యాంపే గెలిచిందనుకోకండి. చిలుము నిరోధం ఒక్క ఓమే అయితే? ల్యాంపు లాగేది 0.4 ఆంపియర్లు. పోయేది అర వోల్టు లోపే, నిక్షేపంగా వెలుగుతుంది. 55 వాట్ల కారు హెడ్‌లైటుకు నాలుగున్నర ఆంపియర్లు కావాలి. ఆ ఒక్క ఓమ్ దగ్గరే మూడు వోల్టులకు పైగా పోయి లైటు మసకబారుతుంది.

నాకు ప్రాణమైన పరీక్ష ఇక్కడే. లైటు ఆన్‌లోనే ఉంచి, మీటరు ఒక మొనను బ్యాటరీ ప్లస్‌కు ఆనించి, రెండోదాన్ని వైరు వెంట బల్బు దాకా జరుపుకుంటూ పోవాలి. బాగున్న వైరులో 0.2, 0.3 వోల్టులకు మించదు. అంకె ఉన్నట్టుండి 3కు ఎగబాకిందా, చిలుము దొరికినట్టే. మైనస్ నుంచి ఎర్త్ వైపూ ఇంతే. కరెంటు లాగే పని హెడ్‌లైటు చేస్తోంది, లెక్క మీటరు చెబుతోంది. దీని వెనకున్నది 1827లో జార్జ్ ఓమ్ అచ్చువేసిన సూత్రమే. ఇక పిన్ను గీకి శుభ్రం చేయడమో, కొత్త టెర్మినల్ నొక్కడమో పది నిమిషాల పని.

మీటరు పుట్టుక బ్రిటిష్ తపాలా శాఖలో. ఒక్కో కొలతకు ఒక్కో పరికరం మోసి విసిగిన ఇంజినీరు డొనాల్డ్ మెకడీ ఆంపియర్, వోల్టు, ఓమ్ మూడింటినీ ఒకే పెట్టెలో ఇమిడ్చాడు. అదే 1923లో ఏవోమీటరు పేరుతో మార్కెట్లోకి వచ్చింది. తర్వాత ముల్లు పోయి అంకెలొచ్చాయి. 1986లో బాష్ కంపెనీ క్యాన్ బస్‌ను బయటపెట్టాక బండిలోని కంప్యూటర్లు ఒక జత వైర్ల మీదే మాట్లాడుకోసాగాయి. ఆ వైర్ల మీద ల్యాంపు పెట్టకూడదు, అక్కడ కోటి ఓమ్‌ల మీటరే మేలు. ఎయిర్‌బ్యాగ్ పసుపు కప్లర్ల జోలికైతే మాన్యువల్ చూడకుండా మీటరుతోనూ పోవద్దు. ల్యాంపు లాగే కరెంటుకే బ్యాగు పేలవచ్చు.